ఎండిపోయేలోపు రాసుకోవాల్సినవి

హెర్బేరియం అంటే ఎండబెట్టిన మొక్కల్ని దాచే చోటు. ఆ గది తలుపు తీస్తే ముందు వాసనే పలకరించేది. నాఫ్తలీన్ ఉండలు, గోధుమరంగు కాగితం, ఏళ్ల కిందట ఎండిన ఆకు, జిగురు అన్నీ కలిసిన వాసన. వరసగా ఇనప బీరువాలు, బీరువాలో గూళ్లు, గూట్లో అట్టల మధ్య షీట్లు. హౌరా పక్కన శిబ్‌పూర్‌లోని సెంట్రల్ నేషనల్ హెర్బేరియానికి వెళ్లినా, కోయంబత్తూరులోని మద్రాసు హెర్బేరియానికి వెళ్లినా షీటు కొలత ఇంచుమించు ఒకటే: 42 సెం.మీ. పొడవు, 28 సెం.మీ. వెడల్పు. కొత్తగా చూసినవాళ్లకు ఎండుగడ్డి దాచిన చోటులా ఉండేది. కానీ ప్రతి షీటూ ఫలానా మొక్క ఫలానా రోజున ఫలానా కొండ మీద ఉందనడానికి సాక్ష్యం. ఆ సాక్ష్యంలో మొక్క సగమే. మిగతా సగం కింద కుడిమూలన అతికించిన లేబులు.

ఆకు ఎండితే ఆకారం మిగులుతుంది. రంగు పోతుంది, వాసన పోతుంది, పాలు కారే గుణం పోతుంది. చెట్టు ఎంత ఎత్తుందో, బెరడు ఎలా పెచ్చులు లేస్తుందో, ఊళ్లో దాన్ని ఏమంటారో షీటు మీది కొమ్మ ఎప్పటికీ చెప్పలేదు. పాతతరం వృక్షశాస్త్రజ్ఞులు అడవిలోనే, చెట్టు కిందే నోటుబుక్కు తీసి రాయించేవాళ్లు. సాయంత్రం బసకు వెళ్లాక గుర్తుచేసుకుని రాస్తే పది మొక్కల్లో నాలుగింటి పువ్వు రంగు తారుమారవుతుంది.

సంచిలో సరంజామా పెద్దగా ఉండేది కాదు. అడ్డం నిలువు చెక్క బద్దలతో చేసిన రెండు చట్రాలు, వాటిని బిగించే బెల్టులు (మొక్కను నొక్కి ఎండబెట్టే 'ప్రెస్' ఇదే), పాత దినపత్రికలు, బ్లాటింగ్ కాగితాలు, కత్తెర, చిన్న గునపం, 10 రెట్లు పెద్దదిగా చూపే లెన్సు, దారం కట్టిన ట్యాగులు, పెన్సిల్. పెన్ను వాడనిచ్చేవాళ్లు కాదు. వాన పడ్డా, స్పిరిట్ తగిలినా ఇంకు కరిగిపోతుంది. పెన్సిల్ గీత వందేళ్లయినా అలాగే ఉంటుంది.

ఒక మనిషి సేకరించిన మొదటి మొక్క నంబరు 1. ఆ అంకె ఆ మనిషి పని చేసినన్నాళ్లూ పెరుగుతూనే పోవాలి. ఏటా జనవరిలో మళ్లీ 1 నుంచి మొదలుపెడితే పదేళ్లకు '25' అనే నంబరుతో పది వేర్వేరు మొక్కలు తయారవుతాయి. అచ్చయిన వ్యాసంలో ఇంటిపేరు, నంబరు మాత్రమే కనిపిస్తాయి కాబట్టి ఏ 25 అన్నది ఎవరికీ తేలదు. ఒక్కో నంబరు కింద నాలుగైదు కొమ్మలు కోసేవాళ్లు. ఒకటి తమ హెర్బేరియానికి, మిగతావి ఇతర హెర్బేరియాలకు. అన్నీ ఒకే చెట్టువి కావాలి. పక్కపక్కన ఉన్న రెండు చెట్లు ఒకేలా ఉన్నాయని రెండింటి కొమ్మలకూ ఒకే నంబరు కడితే, అవి వేరు జాతులని తరవాతెప్పుడో తేలుతుంది. అప్పటికి ఆ కొమ్మలు నాలుగు ఊళ్ల బీరువాల్లో ఉంటాయి.

ప్రెస్‌లో పెట్టడం చూడ్డానికి తేలిక. కాగితం మడతలో కొమ్మ పరిచి, కనీసం ఒక ఆకునైనా తిరగేసి వీపు కనిపించేలా పెట్టాలి. అడుగుభాగపు నూగు, ఈనెల మూలల్లోని చిన్న గుంటలు జాతిని తేల్చే గుర్తులు. అన్ని ఆకులూ బోర్లా అతుక్కుపోతే అవి షీటు కిందే ఉండిపోతాయి. షీటు కన్నా పొడుగున్న గడ్డిమొక్కను తెంపకుండా 'వి' ఆకారంలోనో 'ఎన్' ఆకారంలోనో మడవాలి. కొబ్బరి, ఈత లాంటి వాటి ఆకును మొదలు, నడుమ, కొస మూడు ముక్కలు చేసి, మూడింటికీ అదే నంబరుతో పాటు క, ఖ, గ గుర్తులు వేయాలి. మొత్తం ఆకు పొడవు, ఒక్కో పక్క ఎన్ని రెబ్బలున్నాయో నోటుబుక్కులోకి.

అసలు మెళకువ మర్నాటి కాగితం మార్పులో ఉంటుంది. 24 గంటలకు ఆకు వాడుతుంది కానీ ఎండదు. మెత్తగా, చెప్పినమాట వినేట్టు ఉంటుంది. మడతపడ్డ ఆకును విప్పాలన్నా, రేకుల్ని సర్దాలన్నా ఆ ఒక్కపూటే కుదురుతుంది. ఆ మర్నాటికి బిగుసుకుపోతుంది, తరవాత తాకితే విరుగుతుంది. మొదటి మూడు నాలుగు రోజులు రోజూ, ఆపైన రోజు విడిచి రోజు కాగితాలు మార్చాలి. వేసవిలో వారం పది రోజులకు మొక్క ఎండుతుంది. చేత్తో కొమ్మ చివర పట్టుకుని ఎత్తితే వంగకుండా నిలబడాలి, చెంపకు ఆనిస్తే చల్లగా తగలకూడదు. చల్లగా ఉందంటే లోపల తడి ఉన్నట్టే.

వానాకాలంలో తూర్పు కనుమల్లో ఈ లెక్కలేవీ సాగేవి కావు. కాగితమే ఆరదు. ప్రెస్ కింద కిరోసిన్ స్టవ్ పెట్టి వేడి చేసేవాళ్లు. తొందరపడి మంట పెంచితే ఆకు గోధుమరంగుకు తిరిగి అప్పడంలా పెళుసవుతుంది. రెండో దారి, కాగితం మడతల కట్ట మొత్తాన్ని మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి, 60-70 శాతం స్పిరిట్ పోసి మూతి బిగించడం. వారాల తరబడి బూజు పట్టకుండా ఉంటుంది, ఊరికి చేరాక తీసి ఆరబెట్టుకోవచ్చు. అయితే రంగు పూర్తిగా పోతుంది. ఆ షీటు నుంచి డీఎన్ఏ తీయడం కూడా కష్టమవుతుంది. అందుకే డీఎన్ఏ కోసం ఇప్పుడు ప్రెస్‌తో సంబంధం లేకుండా ఒకట్రెండు లేత ఆకుల్ని ముక్కలు చేసి సిలికా జెల్ పొట్లంలో వేస్తారు.

జెముడు, బదనిక లాంటివి మరీ మొండివి. ప్రెస్‌లో పెట్టాక కూడా కణాలు బతికే ఉంటాయి. బదనిక ఆకులన్నీ కణుపు దగ్గర రాలిపోయి కాగితంలో పుల్ల ఒక్కటే మిగులుతుంది. మరిగే నీళ్లలో ఒక్క క్షణం ముంచి తీసి, తుడిచి పెడితే ఆకు రాలదు. పువ్వును మాత్రం నీళ్లకు తగలనివ్వకూడదు.

ఎండబెట్టడమే పనికిరాని పువ్వులు కొన్ని ఉన్నాయి. జిల్లేడు కుటుంబంలోని సెరోపీజియా చూడండి. అడుగున ఉబ్బిన గొట్టం, పైన అయిదు తమ్మెలు కొసల దగ్గర కలిసి కట్టిన చిన్న పంజరం, లోపల చీమ తలంత చోట రెండు వరసల కిరీటం. జాతుల్ని విడదీసేది ఆ కిరీటమే: బయటి వరస చీలి ఉందా, లోపలి వరస నిటారుగా ఉందా, వాలి ఉందా, అంచున నూగు ఉందా. ప్రెస్‌లో పెట్టిన మర్నాటికి అదంతా ఒక నల్లటి మరకై కాగితానికి అంటుకుంటుంది. అందుకే నాలుగైదు పువ్వుల్ని సీసాలో వేసుకోవాలి. 70 శాతం స్పిరిట్ 90 పాళ్లు, ఫార్మలిన్ 5 పాళ్లు, ఎసిటిక్ ఆసిడ్ 5 పాళ్లు కలిపిన ద్రవం పాత వాడుక. సీసా బయట అంటించిన చీటీ ఊడిపోతుంది, పెన్నుతో రాసింది కరిగిపోతుంది. నంబరును పెన్సిల్‌తో గట్టి కాగితం మీద రాసి సీసా లోపలే వేయాలి. రంగు ద్రవంలోనూ నిలవదు, కాబట్టి దాన్ని మాటల్లో రాసుకోక తప్పదు: గొట్టం మీది ఊదా చుక్కలు ఎక్కడిదాకా ఉన్నాయి, తమ్మెల లోపలి వైపు ఏ రంగు.

తునికిలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. బీడీ ఆకు కోసం అందరికీ తెలిసిన చెట్టే. అయినా హెర్బేరియంలో మగపువ్వుల షీట్లు, ఆడపువ్వుల షీట్లు రెండూ ఉండాలి, వేర్వేరు నంబర్లతో. శేషాచలం, వెలిగొండ కొండల తంబచెట్టుకు పువ్వు ఒక కాలంలో, రెక్కల కాయ ఇంకో కాలంలో. పూలు దొరికాయి కదా అని వదిలేయకుండా ఆ చెట్టుకే గుర్తుపెట్టి మళ్లీ వెళ్లాలి. ఆకు ఒక్కటే కోసుకొచ్చి పేరు చెప్పమంటే పెద్దవాళ్లు షీటు వెనక్కి ఇచ్చేసేవాళ్లు. సరైన పనే. పూత, కాత లేని కొమ్మతో బీరువా నిండుతుంది గానీ జాతి తేలదు.

ఎండిన మొక్కను షీటు మీదికి ఎక్కించే ముందు విషం పట్టించేవాళ్లు. లీటరు స్పిరిట్‌కు సుమారు 25 గ్రాముల మెర్క్యురిక్ క్లోరైడ్ కలిపి, ఎనామిల్ పళ్లెంలో పోసి మొక్కను ముంచి తీసేవాళ్లు. ఇనప పటకారును ఆ మందు తినేస్తుంది కాబట్టి చెక్క పటకార్లే. దశాబ్దాలపాటు పురుగు జోలికి రాదన్నది నిజమే. అయితే పాదరసం ఆవిరి అవుతూనే ఉంటుంది. ఇవాళ్టికీ పాత షీట్ల మీద, వాటి మీది కాగితాల మీద బూడిదరంగు మరకలు కనిపిస్తాయి. అలాంటివి తీసేటప్పుడు గ్లౌజులు వేసుకోవాలి, కిటికీలు తీసి ఉంచాలి, షీటు తిరగేసిన చేత్తో ఏమీ తినకూడదు. ఆ రోజుల్లో ఒట్టి చేతులతో ఆ పళ్లేల దగ్గర ఏళ్లకేళ్లు కూర్చుని పనిచేసిన అటెండర్లను తలుచుకుంటే బాధగానే ఉంటుంది. బీరువాల్లో ఇవాళ ఉన్న షీట్లు వాళ్లు కాపాడినవే.

ఇప్పుడు కొత్త షీట్లను పాలిథిన్‌లో సీలు చేసి మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో కనీసం మూడు రోజులు, వీలైతే వారం ఉంచుతారు. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. బయటికి తీయగానే సంచి విప్పుతారు. చల్లటి షీటు మీద గాలిలోని తేమ నీరై పేరుకుంటుంది, వారంలో బూజు. గది వేడికి వచ్చేదాకా, ఒక పూటంతా, సంచి మూతి విప్పకూడదు. పొగాకును తినే చిన్న గోధుమరంగు పెంకుపురుగే హెర్బేరియానికీ ప్రధాన శత్రువు. ముందు పువ్వుల్ని తింటుంది, అంటే పేరు తేల్చే భాగాన్నే.

షీటుకు అతికించడంలో ఒక సూత్రం: అంతా జిగురుతో అంటించకూడదు. సన్నటి కొమ్మకు జిగురు, లావు కొమ్మకు దారం కుట్లు. రాలిన విత్తనాలకు, పూలకు షీటు పైమూలన చిన్న కవరు. పరీక్షించాలంటే ఆ కవర్లోని పువ్వునే తీసుకోవాలి, కొమ్మమీది పువ్వు తుంచకూడదు.

ఆ పరీక్ష దగ్గరగా చూస్తే ముచ్చటగా ఉంటుంది. ఎండి కాగితమైన పువ్వును చిన్న గిన్నెలో నీళ్లు పోసి రెండు మూడు నిమిషాలు మరిగిస్తారు. ఒక చుక్క సబ్బునీరు కలిపితే నీళ్లు తొందరగా ఎక్కుతాయి. ముడుచుకున్న రేకులు ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. మైక్రోస్కోపు కింద రెండు సూదులతో రక్షకపత్రాలు పక్కకు తీసి, కేసరాలు లెక్కపెట్టి, అండాశయాన్ని అడ్డంగా కోసి ఎన్ని గదులు, గదికి ఎన్ని అండాలో చూస్తారు. చూసినదాన్ని పెన్సిల్‌తో గీసి, ఆ బొమ్మనూ పువ్వు ముక్కల్నీ కవర్లో పెట్టి అదే షీటుకు అతికిస్తారు. తరవాతివాళ్లు ఇంకో పువ్వు చెడగొట్టే అవసరం ఉండదు.

తరవాత 'కీ' పట్టుకోవాలి. మొక్క పేరు తేల్చే జంట ప్రశ్నల వరస అది: ఆకులు ఎదురెదురా, ఒకదాని తరవాత ఒకటా, కేసరాలు పదా, అంతకన్నా ఎక్కువా. గ్యాంబుల్ మొదలుపెట్టగా ఫిషర్ పూర్తిచేసిన మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరా, అంటే ఆ ప్రాంతపు మొక్కల వర్ణన గ్రంథం, 1915-1936 మధ్య వెలువడింది. కోస్తా, రాయలసీమ మొక్కలకు తరతరాలు దాని కీలే ఆధారం. తెలంగాణ అప్పుడు నిజాం రాజ్యం, దాని పరిధిలో లేదు. ఆదిలాబాద్ చెట్టును ఆ కీలోంచి లాగితే ఏదో ఒక పేరు వస్తుంది, ఆ పేరు తప్పు కావచ్చు. కీ 'ఇది నాలో లేదు' అని చెప్పదు, ఉన్నవాటిలో దగ్గరిదాన్ని చేతికిస్తుంది. అందుకే కీతో వచ్చిన పేరును వర్ణనతో పోల్చి, ఆపైన బీరువాలోని షీట్లతో పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు. తప్పులు ఎక్కువగా మొదట్లోనే దొర్లుతాయి. రెబ్బను ఆకు అనుకోవడం వాటిలో ఒకటి. కాడ మొదట్లో మొగ్గ ఉంటే ఆకు, లేకపోతే రెబ్బ. నరికిన మొద్దు నుంచి వచ్చిన పిలక ఆకుల్ని కొలవడం ఇంకొకటి. పిలక ఆకు మామూలు ఆకుకు రెట్టింపు ఉంటుంది.

పాత లేబులు మీద పేరు తప్పని తేలినా దాన్ని కొట్టేయకూడదు. సరైన పేరు, చూసినవాళ్ల పేరు, సంవత్సరం రాసిన చిన్న చీటీ పక్కన అతికించాలి. కొన్ని షీట్ల మీద అలా అయిదారు చీటీలు ఉంటాయి. వందేళ్లలో ఎవరెవరు ఆ కొమ్మ ముందు కూర్చున్నారో అక్కడే చదువుకోవచ్చు.

ఎక్కడా పోలిక కుదరకపోతే కొత్త జాతి. మొక్కల పేర్ల లెక్క 1753 మే 1 నుంచి మొదలు. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఆ ఏడాది అచ్చువేసిన పేర్లకు ముందున్నవి చెల్లవు. 1958 నుంచి కొత్త పేరుకు 'టైపు' షీటు చూపించాల్సిందే. ఆ పేరుకు లంగరు లాంటి ఒక్క షీటు అది. 1935 నుంచి 2011 దాకా కొత్త జాతి వర్ణన లాటిన్‌లో ఉండాలి. తిరుమల కొండల మీద భక్తుల కళ్లెదుటే ఉన్న కొండసాంబ్రాణికి 1961లో బాలకృష్ణన్, హెన్రీలు బాస్వెల్లియా ఒవాలిఫోలియోలాటా అని పేరుపెట్టినప్పుడు ఆ నియమం అమల్లో ఉంది. 2012 నుంచి ఇంగ్లిషులో రాసినా చెల్లుతుంది. విభక్తిని బట్టి, లింగాన్ని బట్టి విశేషణాల చివర్లు సరిచూసుకుంటూ నాలుగు లాటిన్ వాక్యాలకు రెండు రోజులు పట్టే ఆ పని పోయింది. దాన్ని ప్రేమగా చేసినవాళ్లకు అది లోటే.

టైపు అన్న మాట లేని రోజుల్లో జరిగిన పని మన గోదావరి ఒడ్డుకు దగ్గర్లోనే ఉంది. లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆయన స్నేహితుడు, వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793లో కలకత్తా తోటకు వెళ్లేదాకా సామర్లకోటలో మొక్కలు పెంచుతూ, స్థానిక చిత్రకారులతో బొమ్మలు గీయించాడు. ఆయన జీవితకాలంలో అవి 2,500 దాటాయి. 300 మాత్రం 1795-1820 మధ్య మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయ్యాయి. రాక్స్‌బర్గ్ పెట్టిన చాలా పేర్లకు షీట్లు దొరకవు. కాబట్టి తరవాతివాళ్లు ఆ బొమ్మల్నే టైపులుగా ఎంచుకోవాల్సి వచ్చింది. ఒకరకంగా అది మేలే. పచ్చిమొక్కను ముందు పెట్టుకుని గీసిన బొమ్మలో, ఎండితే పోయే రంగూ నిలువూ ఉన్నాయి. అర్ధశతాబ్దం తరవాత వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వైట్ దగ్గర పనిచేసిన రంగయ్య, గోవిందు బొమ్మలూ అలాంటివే. 1853లో వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) గోవిందూయా అని పేరుపెట్టాడు. తరవాత అది ట్రోపిడియాలో కలిసిపోయింది. అయినా పర్యాయనామాల జాబితాలో గోవిందు పేరు ఉంది.

రాక్స్‌బర్గ్ ప్రతి మొక్కకూ తెలుగు పేరు అడిగి రాసుకున్నాడు. జ్వరానికి కషాయం కాచే సోమిదమాను బెరడు మీద ఆయనకు చాలా ఆశ ఉండేది. ఆ సోమిదే తరవాత సోయ్‌మిడా అనే ప్రజాతి పేరైంది. చండ్ర 'చుండ్రా' అయింది. తంబచెట్టు షోరియా టుంబుగ్గాయియా అయింది. వృక్షశాస్త్రజ్ఞుడు ఎల్లిస్ పెట్టిన ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానాలో కొండ పేరే ఉంది.

పేరు తప్పుగా ఉన్నా మార్చే వీల్లేదన్నది చాలామందికి మింగుడుపడదు. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్లపొణికి దక్షిణ భారతం, శ్రీలంకల చెట్టు. గివోషియా రాట్లెరిఫార్మిస్ అని దాని పేరు చాలాకాలం నడిచింది. లిన్నేయస్ 1753లోనే మొలుక్కా దీవుల పేరుతో దాన్ని క్రోటాన్ మొలుక్కానస్ అన్నాడని తేలాక, ఆ దీవులతో దానికి సంబంధం లేకపోయినా గివోషియా మొలుక్కానా అనే రాయాల్సి వచ్చింది. ముందు పుట్టిన పేరుదే హక్కు. అర్థాన్ని బట్టి పేర్లు దిద్దుకుంటూ పోతే ఏ పేరూ పదేళ్లు నిలవదు.

వర్గీకరణ మారినప్పుడు అటెండర్లు బీరువాలే మోయాల్సి వచ్చేది. టేకు వెర్బినా కుటుంబం నుంచి తులసి కుటుంబంలోకి వెళ్లింది. జిల్లేడు గన్నేరు కుటుంబంలో చేరింది. బూరుగ, పత్తి ఒకే గూటికి వచ్చాయి. 2005లో అకేషియా పేరు ఆస్ట్రేలియా జాతులకే ఉండాలని తీర్మానించాక నల్లతుమ్మ వచెల్లియా అయింది, చండ్ర సెనెగాలియా అయింది. ఒక్కో మార్పుకు వందల అట్టలు తీసి కొత్త పేరు రాయాలి. మన దేశపు హెర్బేరియాలు చాలావరకు ఇంకా బెంథామ్-హుకర్‌ల పాత వర్గీకరణ వరసలోనే సర్ది ఉన్నాయి. కొత్త పేర్లు కంప్యూటర్లో, పాత వరస బీరువాలో.

ఆ కంప్యూటర్ ఫారాల్లో 'స్థానిక నామం' అనే గడి ఖాళీగా ఉండిపోతోంది. ఉన్నచోట కూడా ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటోంది. టుంబుగ్గాయియా అన్న స్పెల్లింగు చూసి రాక్స్‌బర్గ్ విన్నది తంబుగా, తుంబుగ్గా, తంబుగాయా అన్నది ఇవాళ ఎవరూ గట్టిగా చెప్పలేరు. 'పాల' అని ఒక్కమాట రాసినా చాలదు: కొడిశపాల ఉంది, సుగంధిపాల ఉంది, పాలచెట్టు ఉంది, మూడూ వేరు. పేరును తెలుగు లిపిలో, విన్నది విన్నట్టు, పెన్సిల్‌తో రాయాలి. చెప్పింది మేకలు కాసేవాళ్లా, కట్టెలు కొట్టేవాళ్లా, మందులు దంచేవాళ్లా, ఏ ఊరివాళ్లు అన్నది దాని కింద రాయాలి. అప్పుడు కొమ్మను కాగితంలో పెట్టాలి.